స్తూపానికి గడ్డం మొలిచిన రోజు

“తలుపు లేకుంట గుడి ఎట్ల కడ్తరు సార్? దేవుడు ఎటుకెల్లి పోవాలె లోపలికి?”

“పొద్దుటి నుంచీ చెబుతున్నాను మేస్త్రీ. ఇది గుడి కాదు, స్తూపం. దీని లోపలికి ఎవరూ వెళ్ళరు. చుట్టూ తిరుగుతారంతే.”

“ఎవ్వలు వోనిదానికి గిన్ని ఇటుకలెందుకు? గుడి అనుండ్రి, కడ్త. సమాధి అనుండ్రి, కడ్త. మా నాయిన రెండూ కట్టిండు. రెండు గాకుంట నడుమల ఇదేంది?”

“పోనీ సమాధే అనుకో!”

“అట్లయితె ఎవలిదో చెప్పుండ్రి. ముందల పేరు చెక్కిస్త.”

“నీకు పుణ్యం ఉంటుంది మేస్త్రీ. పేరు వద్దు, తలుపు వద్దు. కిటికీ కూడా పెట్టకు.”

మల్లయ్య మేస్త్రి తాపీ కింద పెట్టి నా వైపు తిరిగాడు. “నువ్వన్న చెప్పు సత్తెమ్మక్కా. కిటికి గూడ అద్దంటున్నడు సారు. గాలెట్ల ఆడాలె?”

“తలుపు వెడితె దాని దుమ్ము దులిపేది నేను,” అన్నాను. “అద్దు.”

అది 1967 వానాకాలం. తార్నాక అవతల యూనివర్సిటీలో, పురావస్తు విభాగానికి ఉన్న చిన్న మ్యూజియంలో నేను టెంపరరీ అటెండరుగా చేరి ఇంకా ఏడాది నిండలేదు. అటెండరు పని బయటివాళ్ళకు చిన్నదిగా కనిపిస్తుంది. పదింటికి తాళం తీయాలి, బండలు తుడవాలి, అద్దాల బీరువాలు తుడవాలి, వచ్చినవాళ్ళ చేతులు వస్తువుల మీద పడకుండా చూడాలి. రాతి శిల్పాన్ని తడిగుడ్డతో తుడవకూడదు, మెత్తని కుంచెతో పైనుంచి కిందికి దులపాలి. కుండ పెంకును ఎత్తితే రెండు చేతులతోనే ఎత్తాలి, అంచు పట్టుకుని ఎత్తకూడదు. నేను చదివింది మూడో తరగతి. కానీ రెండు చేతులతో ఎత్తడానికి అంతకంటే పెద్ద చదువు అక్కర్లేదు.

అటెండరు పైన గ్యాలరీ అసిస్టెంటు ఉండాలి, ఆయన పైన క్యూరేటరు ఉండాలి. రెండు పోస్టులూ ఖాళీ. అందుకని నా పైన నేరుగా రీడర్ గారే ఉండేవారు. రీడరు అంటే లెక్చరరుకు పైన, ప్రొఫెసరుకు కింద. తలుపు వద్దన్న సారు ఆయనే. ఆయనది పల్నాడు. మంచి మనిషి. కోపం వస్తే అరిచేవారు కాదు, కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు. ఆ వానాకాలమంతా ఆ కళ్ళజోడు తళతళలాడింది.

కారణం హాలు. మా మ్యూజియం ఉన్న హాలు తమకు కావాలని లెక్కల డిపార్ట్‌మెంట్ వాళ్ళు రాసుకున్నారు. రిజిస్ట్రార్ గారు, అంటే యూనివర్సిటీ కార్యాలయానికి పెద్ద, ఒకసారి వచ్చి చూసి, ఇక్కడ పగిలిన కుండలు తప్ప ఏముందని అడిగారట. సింహళం నుంచి బౌద్ధ భిక్షువులు నాగార్జునకొండ చూడటానికి వస్తున్నారనీ, దారిలో మన దగ్గర ఆగుతారనీ రీడర్ గారు చెప్పారు. సరే, వాళ్ళు వచ్చిన రోజు నేనూ వస్తాను, చూపించడానికి ఏదైనా ఉంటే హాలు మీది, లేకుంటే లెక్కలవాళ్ళది అన్నారు రిజిస్ట్రార్ గారు. లెక్కలవాళ్ళకు ఆ ఫలితం మీద ఎంత నమ్మకమంటే, అప్పుడే తమ బల్లలు తెచ్చి మా వరండాలో పేర్చేశారు.

ఇందులో నా సంగతి కూడా ఉంది. పర్మినెంటు పోస్టులో ఉన్నవాళ్ళను గది మూస్తే ఇంకో గదికి మారుస్తారు. టెంపరరీ పోస్టు గదితోపాటే పోతుంది. ఇంటికి సంపాదించేదాన్ని నేనొక్కదాన్నే. తార్నాకలో అద్దెగది, బడికి పోయే ఇద్దరు పిల్లలు. కాబట్టి ఆ స్తూపం లేవాలని బుద్ధుణ్ణి నమ్మినవాళ్ళకంటే నాకే ఎక్కువ అవసరం ఉండేది.

రీడర్ గారు కట్టించదలచుకున్నది నాగార్జునకొండ లోయలోని మహాచైత్యానికి నమూనా. అట్టతోనో చెక్కతోనో కాదు, అసలుది ఎట్లా కట్టారో అట్లాగే, ఇటుకతో, మట్టితో, సున్నంతో. హాలు మధ్య షాబాదు బండల మీద, నా భుజం ఎత్తు. దాని చరిత్ర మేస్త్రికి తెలియకపోతే తలుపు గొడవ తీరదని ఆయనకు తోచింది. మా ఇద్దరినీ ఇటుకల మీద కూర్చోబెట్టి చెప్పారు.

పదిహేడు వందల ఏళ్ళ కిందట, కృష్ణ ఒడ్డున, కొండల నడుమ విజయపురి అనే పట్నం ఉండేది. ఇక్ష్వాకులని రాజులు. ఆ ఇంటి మగవాళ్ళు యజ్ఞాలు చేశారు. ఆడవాళ్ళు బౌద్ధులకు స్తూపాలు, విహారాలు కట్టించారు. ఒకే ఇంట్లో ఒకరు నెయ్యి పోస్తుంటే ఇంకొకరు ఇటుకలు పేర్పించారన్నమాట. మహాచైత్యం కట్టించినావిడ రాజుగారికి మేనత్త. ఆయనకే పిల్లనిచ్చిన అత్తగారు కూడా. అల్లుడి రాజ్యంలో అత్తగారు దగ్గరుండి కట్టించిందంటే పనివాళ్ళు ఇటుక ఇటు అటు చేసి ఉండరని నాకు అప్పుడే అనిపించింది. అంతకుముందే అక్కడ చిన్న స్తూపమేదైనా ఉండేదా అని అడిగాను. కొందరు ఉండేదంటారు, నాకు తెలియదు అన్నారు. తెలియనిది తెలియదని చెప్పే మనిషి కాబట్టి మిగతాది నమ్మాను.

చుట్టూ విహారాలు, అంటే భిక్షువులు ఉండే గదుల వరసలు. దేశదేశాల నుంచి వచ్చేవారు. సింహళం నుంచి వచ్చినవాళ్ళకు విడిగా ఒక విహారమే ఉండేది. తర్వాత రాజ్యం పోయింది, ఇటుకల మీద మట్టి కప్పుకుంది. మన కాలంలో తవ్వి తీశారు. తీసీ తీయకముందే సాగర్ ఆనకట్ట మొదలైంది. ముఖ్యమైనవాటిని ఊడదీసి కొండ మీదికి మోసి మళ్ళీ కట్టారు, మిగతా లోయ నీళ్ళ కిందికి పోతోంది.

“ఇగ లోపల?” అన్నాడు మేస్త్రి. అతనికి రాజులు, అత్తలు అక్కర్లేదు.

లోపల బండిచక్రం పడుకోబెట్టినట్టు ఉంటుందని రీడర్ గారు సుద్దముక్కతో బండ మీద గీశారు. మధ్యలో ఒక గుండ్రటి గోడ, బయట ఇంకో పెద్ద గుండ్రటి గోడ, రెంటినీ కలుపుతూ చక్రం ఆకుల్లాగా అడ్డగోడలు. ఖాళీల్లో మట్టి కూరుతారు. దాని మీద బోర్లించిన గిన్నెలాగా అండం వస్తుంది. మొత్తం ఇటుకతో నింపకుండా ఈ ఉపాయం చేసినవాడెవడో గాని ఇల్లు నడిపిన మనిషే. నాకు బౌద్ధం మీద గౌరవం కుదిరింది అక్కడే.

మేస్త్రికి కూడా అది నచ్చింది. “ఇటుక కలిసొస్తది,” అన్నాడు. తర్వాత సుద్దగీత మీద వేలు పెట్టి, “ఉత్త మట్టేనా సార్? పెద్దదాంట్ల గూడ?”

పెద్దదానిలో ఒక గదిలో కుండ ఉందనీ, కుండలో వెండి పెట్టె, వెండి పెట్టెలో బంగారు పెట్టె, అందులో బఠానీ గింజంత ఎముక ముక్క దొరికిందనీ చెప్పారు. దాన్ని ధాతువంటారు. బుద్ధుడిదని నమ్మిక. దాని కోసమే అంత కట్టడం.

“మరి మనదాంట్ల?”

“మనది నమూనా మేస్త్రీ. మనదాంట్లో ఏమీ అక్కర్లేదు.”

మేస్త్రి లేచి తాపీ అందుకున్నాడు. తలుపు ఊసు ఆ రోజుతో మానేశాడు. రీడర్ గారు సంతోషించారు. నాకు మాత్రం కొంచెం అనుమానంగానే ఉంది. మల్లయ్య ఊరుకున్నాడంటే ఒప్పుకున్నాడని కాదు.

పని చకచకా సాగింది. నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకువచ్చే అరుగులు కట్టాడు. వాటిని ఆయక వేదికలంటారు. ఒక్కో వేదిక మీద ఐదు స్తంభాలు నిలబెట్టాలి. బుద్ధుడు పుట్టడం, ఇల్లు విడవడం, జ్ఞానం పొందడం, మొదటిసారి బోధించడం, పోవడం, ఈ ఐదింటికి గుర్తులని చెబుతారు. రాతితో చెక్కించాలంటే భిక్షువులు వచ్చి పోయేదాకా కూడా కాదు. అంబర్‌పేటలో మంచంకోళ్ళు చేసే వడ్రంగి ఉన్నాడనీ, అతని దగ్గర సరిపోని కోళ్ళు మిగిలి ఉంటాయనీ నేనే చెప్పాను. వాటికి సున్నం పూస్తే బుద్ధుడి జీవితమంతా చక్కగా అమరింది.

చివరికి అండం నడినెత్తిన స్తూపపు గొడుగుకు కర్ర పాతి, అండానికి డంగు సున్నం పూత వేసి, దాని మీద గోనెపట్టాలు కప్పాడు మేస్త్రి. దీన్ని క్యూరింగ్ అంటారు. సున్నం తొందరపడి ఆరితే పగులుతుంది, అందుకని తడి ఆరకుండా చూడాలి. “పొద్దుగాల ఇన్ని, పొద్దుమీకి ఇన్ని నీళ్ళు సల్లాలె అక్కా. అతిథులు అచ్చిన్నాడే పట్టాలు తియ్యి, ముందల తియ్యకు,” అని నాకు అప్పగించి పోయాడు. చెప్పిన పనిని చెప్పినట్టు చేయడం నా పద్ధతి. పొద్దున బకెట్టు, సాయంత్రం బకెట్టు. గోనె ఒక్క పూట కూడా ఆరనివ్వలేదు. ఇంత శ్రద్ధ నేను నా పిల్లల మీద కూడా పెట్టి ఉండనని రీడర్ గారు మెచ్చుకున్నారు. నేను పెట్టాను, ఆయనకు తెలియదు.

భిక్షువులు పదకొండింటికి వస్తారన్నారు. నేను తొందరగానే పోయి తాళం తీశాను. తార్నాక చౌరస్తాలో రీడర్ గారు కొనమన్న తామరలు బేరం చేసి తెచ్చి నీళ్ళలో వేశాను. మేస్త్రి తలకు కొత్త రుమాలు చుట్టుకుని వచ్చాడు. రీడర్ గారు టై కట్టుకుని వచ్చారు. ముగ్గురం కలిసి పట్టాలు తీశాం.

స్తూపానికి గడ్డం మొలిచింది.

వేరే మాట లేదు దానికి. వేదికలు అండానికి అతుక్కునే చోట, నాలుగు దిక్కులా, జానెడేసి మొలకలు. నడినెత్తిన గొడుగు కర్ర పాతిన చోట ఒక కుచ్చు. చీకట్లో పెరిగినవి కాబట్టి పచ్చగా లేవు, పాలిపోయి లేత పసుపుగా ఉన్నాయి. గోధుమలు నిటారుగా, పెసలు తలలు వంచి, ఉలవలు మంచంకోళ్ళకు చుట్టుకుని. అవి తోసుకొచ్చిన చోటల్లా సున్నం బీట తీసింది.

రీడర్ గారు కళ్ళజోడు తీశారు. తుడుచుకోవడానికి రుమాలు దొరక్క టైతో తుడుచుకున్నారు.

“మేస్త్రీ,” అన్నారు. “ఏం పెట్టావు ఇందులో?”

“నవధాన్యాలు సార్.” మల్లయ్య ముఖంలో భయం లేదు, వెలుగుంది. “నడిమిట్ల ఇన్ని, నాలుగు దిక్కులకు ఇన్ని. బంగారం పెట్టె మీరు పెట్టకపోతిరి. ఉత్త కడుపుతోని కట్టడం ఎట్ల నిలవడ్తది? చూడుండ్రి, ఒక్క గింజ గూడ పొల్లు వోలే!”

“నమూనా అని చెప్పాను కదయ్యా!”

“నమూన అయితె ఏంది సార్? ఇటుక నిజమే, సున్నం నిజమే. పునాది ఒక్కటి అబద్ధం ఎట్ల పెడ్త?”

పీకేద్దామన్నారు రీడర్ గారు. ఒక గోధుమ మొలకను పట్టి లాగాను. మొలకతో పాటు నా అరచేయంత సున్నం పెళ్ళ ఊడి చేతిలోకి వచ్చింది. రెండోది లాగవద్దన్నారు. మేస్త్రి అయితే మొలిచినదాన్ని పీకితే కట్టించినవాళ్ళకు మంచిది కాదని అడ్డం నిలబడ్డాడు. కత్తెరతో కోద్దామని పొట్లాల దారం కోసే కత్తెర తెచ్చాను. తూర్పు వైపు కొంత కోసేసరికి సరిగ్గా గీయని గడ్డంలాగా ఇంకా అన్యాయంగా తయారైంది. ఒకవైపు గడ్డం ఉండి ఒకవైపు లేకపోవడం కంటే అంతటా ఉండటమే మర్యాద అని కత్తెర దాచేశాను.

“రిజిస్ట్రార్ గారికి ఏం చెప్పాలి సత్తెమ్మా?” అన్నారు రీడర్ గారు.

“అడిగేదాంక ఏం చెప్పకుండ్రి. ముందల టై సక్కగ వెట్టుకోండ్రి,” అన్నాను.

కారు ఆగిన చప్పుడైంది.

ఇద్దరు భిక్షువులు. ఒకరు బాగా పెద్దవారు, ఒకరు నడివయసు. పెద్దాయన తన భాషలో మాట్లాడితే రెండో ఆయన ఇంగ్లీషులో చెప్పేవారు, దాన్ని రీడర్ గారు తెలుగులో చెప్పేవారు. మాట మా దాకా వచ్చేసరికి చల్లారి వచ్చేది. ఇద్దరూ గుమ్మం బయటే చెప్పులు విడిచారు. వెనక బూట్లతోనే రిజిస్ట్రార్ గారు, ఆయన పక్కన లెక్కల డిపార్ట్‌మెంట్ పెద్ద. ఆయన స్తూపం వైపు చూడలేదు. హాలు పొడవు, వెడల్పు చూస్తున్నాడు.

రిజిస్ట్రార్ గారు మాత్రం స్తూపాన్నే చూశారు. “అదేమిటయ్యా, గడ్డి?”

రీడర్ గారు నోరు తెరిచేలోపలే పెద్ద భిక్షువు చేయెత్తారు. దగ్గరికి వచ్చారు. వంగి, ఉలవ తీగ చుట్టుకున్న మంచంకోడును చాలాసేపు చూశారు. ఏదో అడిగారు.

ఇది ఎవరు నాటారని అడుగుతున్నారని రీడర్ గారు చెప్పారు. చెప్పి, ఇంక దాచి లాభం లేదనుకున్నారేమో, మేస్త్రిని ముందుకు రమ్మన్నారు. మా ప్రాంతంలో ఇల్లు కట్టేటప్పుడు పునాదిలో తొమ్మిది రకాల ధాన్యం వేయడం ఆచారమనీ, ఈ మనిషి నాకు చెప్పకుండా ఇందులోనూ వేశాడనీ, తప్పు నాదేననీ ఉన్నదున్నట్టు చెప్పేశారు.

పెద్దాయన మేస్త్రిని ఒకటే ప్రశ్న వేశారు. వేసేటప్పుడు మనసులో ఏమనుకున్నావు?

“ఏమనుకుంట సామీ,” అన్నాడు మల్లయ్య చేతులు కట్టుకుని. “లోపల ఎవలున్నరో నాకు ఎరుకలే. ఎవలున్నా సల్లగుండాలె అని దండం వెట్టిన.”

ఆ మాట రెండు భాషలు దాటి ఆయన దాకా పోయేసరికి కొంత సమయం పట్టింది. అంతసేపూ నేను రిజిస్ట్రార్ గారి ముఖమే చూస్తున్నాను. అందులో ఏమీ దొరకలేదు.

పెద్దాయన తల ఊపి నెమ్మదిగా చాలా మాట్లాడారు. రీడర్ గారు చెప్పింది ఇదీ. వాళ్ళ దేశంలో స్తూపాల ఆకారాలకు పేర్లున్నాయి. నీటిబుడగ ఆకారం ఒకటి, గంట ఆకారం ఒకటి, ధాన్యరాశి ఆకారం ఒకటి. ధాన్యరాశిలాగా కట్టినవి ఆయన చాలా చూశారు గాని, ధాన్యమే లోపలుండి మొలిచినదాన్ని చూడటం ఇదే మొదలు. శ్రద్ధతో లోపల ఏదైనా ఉంచి కట్టినదాన్ని ఆయన నమూనా అనలేరు.

తర్వాత నీళ్ళలోంచి తీసి నేను పట్టుకున్న తామరలు అడిగి తీసుకుని తూర్పు వేదిక మీద, నేను కత్తిరించిన చోటే పెట్టారు. ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని బండలకు తల ఆనించారు. లేచి, కుడిచేయి స్తూపం వైపు ఉండేలా, పెదవులు కదుపుతూ చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. వాళ్ళ వెనక రీడర్ గారు. ఆయన వెనక, కొత్త రుమాలు తలమీంచి తీసి నడుముకు కట్టుకుని, మల్లయ్య మేస్త్రి.

రిజిస్ట్రార్ గారు ఇబ్బందిగా ఒకసారి అటు, ఒకసారి ఇటు చూశారు. పెద్దమనిషి. ఇంట్లో తులసమ్మకు తిరగకుండా కాఫీ తాగని మనిషని అందరికీ తెలుసు. నలుగురు ప్రదక్షిణ చేస్తుంటే బూట్లతో నిలబడి చూడటం ఆయన వల్ల కాలేదు. వంగి లేసులు విప్పుకోవడం మొదలుపెట్టారు. ఒక ముడి పడిపోతే లెక్కలాయనే వంగి విప్పాడు. విప్పినందుకు ఆయన కూడా బూట్లు విడవాల్సి వచ్చింది. లెక్కల డిపార్ట్‌మెంట్ పెద్ద నా కళ్ళముందు మూడుసార్లు స్తూపం చుట్టూ తిరిగాడు. ఒక సాక్సుకు బొటనవేలి దగ్గర చిల్లుంది. ఇంట్లో చెప్పి కుట్టించుకోవచ్చు.

భిక్షువులు కారెక్కాక, రిజిస్ట్రార్ గారు బూట్లు తొడుక్కుంటూ, దీన్ని ఇక్కణ్ణుంచి జరపడానికి వీలవుతుందా అని రీడర్ గారిని అడిగారు. బండల మీద కట్టింది, పగలగొట్టడమే తప్ప జరపడం కుదరదన్నారు రీడర్ గారు. రిజిస్ట్రార్ గారు లేసు ముడి వేయడం ఆపి స్తూపం వైపు చూశారు. తామరల వైపు చూశారు. అప్పుడే మొక్కిన చేతులు ఆయనవి. “పగలగొట్టడమేమిటయ్యా, శుభమా అని!” అన్నారు. లెక్కలాయనతో, మీకు ఇంకో చోటు చూద్దాం లెండి అన్నారు.

తర్వాత చాలా ఏళ్ళు ఆ మ్యూజియంలోనే పనిచేసి, పర్మినెంటై, గ్యాలరీ అసిస్టెంటుగా రిటైరయ్యాను. ఎన్నో నమూనాలు వచ్చాయి, పోయాయి. అద్దాల పెట్టెల్లో పెట్టినవాటిని, బీరువా అవసరం పడగానే తీసి అవతల పెట్టేవారు. ఆ వ్యవహారం నాకు నేర్పింది ఇంతే. ఒక వస్తువు చోటు కదలకుండా ఉండాలంటే దాని చరిత్ర రాసిన పలక చాలదు, ఎవరో ఒకరు దాని ముందు బూట్లు విడిచి ఉండాలి. ఇంకోటి, కట్టేవాడికి ఏం కట్టాలో చెప్పి ఊరుకోకూడదు. ఎందుకు కడుతున్నామని అతను అనుకుంటున్నాడో అడగాలి.

మర్నాడు పొద్దున కూలీలు వచ్చి వరండాలోంచి లెక్కలవాళ్ళ బల్లలు మోసుకుపోయారు. మల్లయ్య బీటలు పూడ్చడానికి సున్నం కలుపుకుని కూర్చున్నాడు. మొలకలు ఉంచాలా తీసేయాలా అని రీడర్ గారిని అడిగాను. ఆయన కళ్ళజోడు తీయలేదు. చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, “ఈ వారానికి ఉండనీ సత్తెమ్మా,” అన్నారు. నేను బకెట్టు తీసుకుని పంపు దగ్గరికి పోయాను.